ఆక్స్‌ఫర్డ్ నానోపోర్ ఫ్లాంగుల్ సమీక్ష: నెపోలియన్ చేప మైటోజీనోమ్‌కి ఏ మేరకు పనికొస్తుంది

ముందు తీర్పు చెప్పేస్తాం. డీఎన్‌ఏ చదవాల్సిన చేపలు నాలుగైదే, బడ్జెట్ తక్కువ, నమూనాను దేశం దాటించడానికి వీల్లేదు. ఈ మూడూ ఒకేచోట కలిస్తే ఫ్లాంగుల్ ఫ్లో సెల్ (డీఎన్‌ఏ చదివే యంత్రంలో పెట్టి, వాడి పారేసే ముక్క) కొనండి. అయితే ముందు లాంగ్ పీసీఆర్ (పొడవాటి డీఎన్‌ఏ ముక్కకు బోలెడు నకళ్లు తీసే పద్ధతి) చేసి మైటోకాండ్రియా డీఎన్‌ఏని పెంచుకున్నాకే దీన్ని వాడాలి. చేప నుంచి తీసిన మొత్తం డీఎన్‌ఏని నేరుగా ఇందులో పోసి మైటోజీనోమ్ (మైటోకాండ్రియాలోని పూర్తి డీఎన్‌ఏ) రాబట్టాలనుకుంటే డబ్బు పోయినట్టే. ఎందుకో లెక్క కట్టి చూపిస్తాం.

వస్తువు ఏమిటో రెండు మాటల్లో: ఆక్స్‌ఫర్డ్ నానోపోర్ వాళ్ల మినియన్ యంత్రం, డీఎన్‌ఏ పోగు సన్నని రంధ్రంలోంచి (పోర్) పోతుండగా వచ్చే విద్యుత్ సంకేతాలను బట్టి దాన్ని చదువుతుంది. అందులో పెట్టే మామూలు ఫ్లో సెల్‌లో 512 ఛానెళ్లు, 2048 బావులు ఉంటాయి. సంకేతాలు చదివే చిప్ కూడా దాని లోపలే ఉంటుంది, ఖరీదంతా అక్కడే. ఫ్లాంగుల్‌లో ఆ చిప్‌ని విడిగా ఒక అడాప్టర్‌లో పెట్టారు. అడాప్టర్ ఒక్కసారి కొంటే చాలు, వాడి పారేసేది 126 ఛానెళ్ల చిన్న ముక్క మాత్రమే. 2019లో మార్కెట్లోకి వచ్చినప్పుడు మినియన్ సెల్ 900 డాలర్లు, ఫ్లాంగుల్ 90 డాలర్లు. ఇంత తేడా ఉన్నప్పుడు దానికి తగ్గ లోటు కూడా ఉంటుంది. మినియన్‌లో ఒక్కో ఛానెల్‌కి నాలుగు బావులు కాబట్టి ఒక పోర్ చచ్చిపోతే ఇంకోటి అందుకుంటుంది. ఫ్లాంగుల్‌లో ఛానెల్‌కి ఒక్కటే. అది పోతే పోయినట్టే.

ఈ సమీక్షకు చేపగా నెపోలియన్ రాస్‌ని తీసుకున్నాం. నుదుటి మీద మూపురంలాంటి గడ్డతో, రెండు మీటర్లు దాటే దాకా పెరిగే చేప ఇది. ఎర్ర సముద్రం నుంచి పసిఫిక్ దీవుల దాకా పగడపు దిబ్బల్లో ఉంటుంది. హాంకాంగ్ హోటళ్లకు బతికిన చేపలను పంపే వ్యాపారం దీన్ని ఊడ్చేసింది. 2004లో ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం) దీన్ని అంతరించే ప్రమాదం ఉన్న జాతుల్లో చేర్చింది. అదే ఏడాది బ్యాంకాక్‌లో జరిగిన సైటిస్ (వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) సదస్సు రెండో అనుబంధంలో పెట్టింది. దాంతో చేపకే కాదు, దాని రెక్క ముక్క సరిహద్దు దాటాలన్నా పర్మిట్ కావాలి. ఇండొనేషియాలోనో మలేసియాలోనో నమూనా తీసి సీక్వెన్సింగ్‌కి వేరే దేశం పంపడమంటే నెలల తరబడి కాగితాల పని. జేబులో పట్టే యంత్రంతో అక్కడి ల్యాబ్‌లోనే చదివేస్తే ఆ బెడద ఉండదు. ఇలాంటి చేపలకు ఫ్లాంగుల్ పనికొచ్చే అసలు కారణం ధర కన్నా ఇదే.

జాతి గుర్తుపట్టడానికి సీఓఐ జన్యువులో 650 బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) ముక్క చాలు కదా, మొత్తం ఎందుకు అని అడిగేవాళ్లుంటారు. ఒకరు సీఓఐ చూస్తారు. సముద్రపు నీటిలోంచి డీఎన్‌ఏ తీసేవాళ్లు మైఫిష్ ప్రైమర్లతో (పీసీఆర్ ఎక్కడ మొదలవ్వాలో పట్టుకునే పొట్టి డీఎన్‌ఏ తునకలు) 12ఎస్ జన్యువులో 170 బేస్‌ల ముక్క చూస్తారు. హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన లాకోన్స్‌లాంటి వన్యప్రాణి ఫోరెన్సిక్ ల్యాబులు సైటోక్రోమ్ బి జన్యువు మీద ఎక్కువ ఆధారపడతాయి. ఒక్క మైటోజీనోమ్ పూర్తిగా ఉంటే ఈ అందరికీ సరిపోయే రిఫరెన్స్ అదే అవుతుంది. అయితే ఒక పరిమితి గుర్తుంచుకోవాలి. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది. నెపోలియన్ రాస్ ఆడ చేపగా మొదలై, కొన్ని తర్వాత మగగా మారుతుంది. మగగా మారాక దానికి పుట్టిన పిల్లల్లో దాని మైటోకాండ్రియా ఉండదు. కాబట్టి ఈ ఒక్క జీనోమ్‌తో జనాభా మొత్తం గురించి తీర్మానాలు చేయకూడదు.

ఇప్పుడు లెక్క. చేప మైటోజీనోమ్ సుమారు 17 వేల బేస్‌లు. 500 రెట్ల డెప్త్‌కి, అంటే ఒక్కో బేస్‌ని సగటున 500 సార్లు చదవడానికి, 85 లక్షల బేస్‌లు కావాలి. మొత్తం డీఎన్‌ఏలో మైటోకాండ్రియా వాటా వెయ్యికి ఒకటి ఉందనుకుందాం. ఫ్లాంగుల్ 30 కోట్ల బేస్‌లు ఇచ్చినా అందులో మైటోకాండ్రియావి 3 లక్షలే. అంటే 18 రెట్ల డెప్త్. నానోపోర్ తప్పులు సరిదిద్దడానికి అది చాలదు. అదే లాంగ్ పీసీఆర్ ఉత్పత్తి పోస్తే ప్రతి రీడ్ (ఒక పోర్ ఏకబిగిన చదివిన ముక్క) మైటోకాండ్రియాదే. 60 పోర్లు బతికి, ఏ క్షణంలోనైనా సగమే పనిచేస్తున్నా, సెకనుకు 400 బేస్‌ల చొప్పున గంటకు 4 కోట్లకు పైగా వస్తాయి. ఒక చేపకు కావాల్సింది పావుగంటలో అయిపోతుంది. ఫ్లాంగుల్‌ని కడిగి మళ్లీ వాడలేం, వాష్ కిట్ దీనికి పనిచేయదు. కాబట్టి బార్‌కోడ్‌లు (ఏ ముక్క ఏ చేపదో చెప్పే డీఎన్‌ఏ గుర్తులు) వేసి నాలుగు నుంచి ఎనిమిది చేపలు కలిపి పోయడమే తెలివైన పని.

ఫలితం బాగుండేదీ చెడేదీ సెల్ కన్నా ముందు నమూనా దగ్గరే తేలుతుంది. చేపను చంపక్కర్లేదు, తోక రెక్క అంచున 5 మిల్లీమీటర్ల ముక్క చాలు. 95 శాతం ఇథనాల్‌లో వేస్తే, ముక్కకు కనీసం పది రెట్ల ఇథనాల్ ఉండాలి, మర్నాడు ఒకసారి మార్చాలి. ఫ్రిజ్ లేని దీవిలో వారాలు గడపాలంటే డెస్ ద్రావణం మేలు: 20 శాతం డీఎంఎస్ఓ, 0.25 మోలార్ ఈడీటీఏ, కరిగినంత ఉప్పు, పీహెచ్ 8. ఫార్మాలిన్ తగిలిన నమూనాతో 10 వేల బేస్‌ల పీసీఆర్ ఆశ పెట్టుకోవద్దు. డీఎన్‌ఏ తీసే ముందు ముక్కను టిష్యూ పేపర్‌పై అద్ది, టీఈ బఫర్‌లో పది నిమిషాలు నానబెట్టాలి. ఇథనాల్ మిగిలితే కణజాలాన్ని కరిగించే ప్రొటీనేజ్-కె ఎంజైమ్ సరిగా పనిచేయదు. సిలికా కాలమ్ కిట్‌లైనా సరే, వాటిలో వచ్చే 20 వేల బేస్‌ల తునకలు ఈ పనికి చాలు. జెల్ మీద పైన గట్టి బ్యాండ్ కనిపించకుండా కిందికి పొగలా సాగితే అక్కడే ఆగండి, కొత్త ముక్క తీయండి.

పీసీఆర్‌కి జపాన్‌లో మియా, నిషిదా బృందం ఇచ్చిన ప్రైమర్ జతలే ఇప్పటికీ మొదట ప్రయత్నించాల్సినవి. ఎల్2508-16ఎస్, హెచ్12293-ల్యూ జతతో సుమారు 10 వేల బేస్‌ల ముక్క. ఎల్12321-ల్యూ, ఎస్-ఎల్ఏ-16ఎస్-హెచ్ జతతో సుమారు 7 వేల బేస్‌ల ముక్క. రెండూ కలిస్తే వలయం పూర్తవుతుంది. టకారా ఎల్ఏ టాక్ వాడితే 50 మైక్రోలీటర్ల రియాక్షన్‌కి: 10 ఎక్స్ బఫర్ 5, 25 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్ 5, డీఎన్‌టీపీ మిశ్రమం 8, ఎంజైమ్ అర మైక్రోలీటర్, ఒక్కో ప్రైమర్ 0.2 నుంచి 0.4 మైక్రోమోలార్, మిగతాది డీఎన్‌ఏ, నీళ్లు. 94 డిగ్రీలకు ఒక నిమిషం, ఆపై 98 డిగ్రీలకు 10 సెకన్లు, 68 డిగ్రీలకు 12 నిమిషాలు, ఇలా 30 సార్లు. సైకిళ్లు 35కి పెంచితే బ్యాండ్ లావుగా కనిపిస్తుంది, వెంట ఖిమెరా రీడ్‌లూ (వేర్వేరు ముక్కలు కలిసిపోయినవి) పెరుగుతాయి. బ్యాండ్ రాకపోతే సైకిళ్లు పెంచేకన్నా డీఎన్‌ఏని పదో వంతుకి పలచన చేసి చూడండి. రెక్క మీది జిగురు, రంగు పదార్థాలు ఎంజైమ్‌ని అడ్డుకోవడమే చాలాసార్లు అసలు కారణం.

ఈ రెండు జతల్లో ఒక లొసుగు ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. 16ఎస్ జన్యువు వైపు రెండు ముక్కలు కొన్ని వందల బేస్‌ల మేర ఒకదాని మీద ఒకటి వస్తాయి, అక్కడ చిక్కు లేదు. రెండో కొసన మాత్రం ప్రైమర్లు రెండూ లూసిన్ టీఆర్ఎన్ఏ జన్యువు లోపలే కూర్చుంటాయి. అక్కడ మీరు చదివేది చేప సీక్వెన్స్ కాదు, కంపెనీ తయారుచేసి పంపిన ప్రైమర్ సీక్వెన్స్. అసెంబ్లీ (రీడ్‌లను కలిపి కట్టిన సీక్వెన్స్) చక్కగా అతుక్కుంటుంది, ఎక్కడా హెచ్చరిక రాదు. అందుకే ఎన్‌డీ4 జన్యువు చివర నుంచి ఎన్‌డీ5 జన్యువు మొదలు దాకా 600 బేస్‌ల చిన్న పీసీఆర్ విడిగా చేసి, సాంగర్‌లో (పొట్టి ముక్కల్ని కచ్చితంగా చదివే పాత పద్ధతి) చదివించి ఆ చోటు సరిచూడాలి. ఖర్చు పెద్దగా ఉండదు. ఇది చేయని మైటోజీనోమ్‌ని పూర్తయిందని అనకూడదు.

రెండు ముక్కల్ని కలిపేటప్పుడు బరువు సమానంగా వేస్తే పొట్టి ముక్క అణువులు ఎక్కువ పడతాయి. ఫెమ్టోమోల్ అంటే అణువుల సంఖ్య చెప్పే కొలత. వెయ్యి బేస్‌ల డీఎన్‌ఏ ఒక ఫెమ్టోమోల్ అంటే 0.65 నానోగ్రాము. కాబట్టి 50 ఫెమ్టోమోల్‌కి 10 వేల బేస్‌ల ముక్క 325 నానోగ్రాములు, 7 వేల బేస్‌ల ముక్క 228 నానోగ్రాములు. కొలత క్యూబిట్ పరికరంతోనే. నానోడ్రాప్ పరికరం ఇచ్చే అంకె మీద ఆధారపడితే మిగిలిపోయిన ప్రైమర్లు, డీఎన్‌టీపీలు కూడా లెక్కలోకి వస్తాయి.

లైబ్రరీకి (సెల్‌లో పోయడానికి సిద్ధం చేసిన డీఎన్‌ఏ) లైగేషన్ కిట్ (ఎల్ఎస్‌కే114) తీసుకుంటే ప్రతి ముక్క ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే రీడ్‌గా వస్తుంది. చేపలు ఎక్కువైతే నేటివ్ బార్‌కోడింగ్ కిట్. రాపిడ్ బార్‌కోడింగ్ కిట్ ఇంకా తేలిక, 30 డిగ్రీల వద్ద 2 నిమిషాలు, 80 డిగ్రీల వద్ద 2 నిమిషాలు, అంతే. కానీ ఆ కిట్‌లోని ట్రాన్స్‌పోజేజ్ ఎంజైమ్ ముక్కల్ని ఎక్కడపడితే అక్కడ కోస్తుంది, కొసల దగ్గర డెప్త్ పడిపోతుంది. లూసిన్ దగ్గర ఎలాగూ బలహీనంగా ఉన్న అతుకుని అది ఇంకా పాడుచేస్తుంది కాబట్టి ఈ పనికి లైగేషన్‌కే మా ఓటు. ఎండ్-ప్రెప్ (ముక్కల కొసలు సరిచేసే దశ) 20 డిగ్రీలకు 5, 65 డిగ్రీలకు 5 నిమిషాలు. ముక్కల కొసలకు డీఎన్‌ఏ అడాప్టర్ (పైన చెప్పిన పరికరం కాదు, పోర్‌లోకి దారి చూపే చిన్న డీఎన్‌ఏ) అతికించాక బీడ్స్‌ని (డీఎన్‌ఏ అంటుకునే అయస్కాంత పూసలు) ఇథనాల్‌తో కడగకూడదు. ఈ అడాప్టర్‌తో పాటు వచ్చే మోటార్ ప్రొటీన్ ఇథనాల్ తగిలితే చచ్చిపోతుంది. కిట్‌లో ఇచ్చే లాంగ్ ఫ్రాగ్మెంట్ బఫర్‌తో, 125 మైక్రోలీటర్ల చొప్పున రెండుసార్లు కడగాలి. 3 వేల బేస్‌ల కన్నా పొట్టివి చాలావరకు అక్కడే పోతాయి, ప్రైమర్ డైమర్లు కూడా. చివరికి 7 మైక్రోలీటర్లలో దించుకోవాలి.

ఫ్లాంగుల్ పరువు నిలబడేదీ పోయేదీ లోడింగ్ దగ్గరే. సెల్‌ని అడాప్టర్‌లో పెట్టి ముందు ఫ్లో సెల్ చెక్ నడపండి. 50 పోర్లకు తక్కువ చూపిస్తే ఏమీ పోయకుండా, రెండు రోజుల్లోపు కంపెనీకి తెలియజేయాలి. గడువులోపు చెబితేనే బదులు సెల్ ఇస్తారు. సరిపోతే ప్రైమింగ్: ఫ్లష్ బఫర్ 117, టెథర్ (డీఎన్‌ఏని పోర్ల దగ్గరకు చేర్చే ద్రావణం) 3 మైక్రోలీటర్లు. పైనున్న అంటుకునే పొరను నెమ్మదిగా వెనక్కి తీస్తే శాంపిల్ రంధ్రం కనపడుతుంది. పిపెట్ మొనకు ఒక చుక్క వేలాడదీసి, రంధ్రం నోట్లోనూ ద్రవం ఉన్నట్టు చూసుకుని, చుక్కకు చుక్క తగిలేలా పెట్టాలి. మధ్యలో గాలి ఉండకూడదు. బొటనవేలితో నొక్కొద్దు. పిపెట్ మీది పరిమాణం చక్రాన్ని తిప్పుతూ పోతే ద్రవం ఒకే వేగంతో దిగుతుంది. ఆఖరి రెండు మూడు మైక్రోలీటర్లు మొనలోనే వదిలేయండి. మొత్తం దింపాలన్న పట్టుదలతోనే బుడగ లోపలికి పోతుంది. ఒక్క బుడగ పోర్లున్న పొర మీదుగా పోయిందంటే అది తాకిన పోర్లన్నీ క్షణంలో ఖాళీ. ఆపై లైబ్రరీ: సీక్వెన్సింగ్ బఫర్ 15, లైబ్రరీ బీడ్స్ 10, డీఎన్‌ఏ 5 మైక్రోలీటర్లు. ఈ బీడ్స్ నిమిషంలో అడుగున చేరతాయి, వేసే ముందే పిపెట్‌తో కలపాలి. ఆ 5 మైక్రోలీటర్లలో 5 నుంచి 10 ఫెమ్టోమోల్ డీఎన్‌ఏ ఉంటే చాలు. రెట్టింపు వేస్తే రెట్టింపు డేటా రాదు, పోర్లు మూసుకుపోతాయి.

ఇంకో సంగతి. మినియన్ కోసం కొన్న బఫర్లతో ఫ్లాంగుల్ నడపకండి. ప్లాస్టిక్ గొట్టాల నుంచి ఊరే పదార్థాలు దీని పోర్లను దెబ్బతీస్తాయి. అందుకే ఫ్లాంగుల్ ఎక్స్‌పాన్షన్ ప్యాక్‌లో బఫర్లు గాజు సీసాల్లో వస్తాయి. ధర పట్టికలో ఇది సెల్ పక్కన కనపడదు, విడిగా ఆర్డర్ పెట్టాలి. సెల్ చవక అనుకుని లెక్క వేసుకున్నవాళ్లకు ఈ ప్యాక్, అడాప్టర్, ఎండ్-ప్రెప్ ఎంజైములు, బీడ్స్ కలిశాక మొదటి చేప ఖర్చు చాలా ఎక్కువ అనిపిస్తుంది. అయిదో చేపకు అది సర్దుకుంటుంది.

డేటా వచ్చాక డొరాడో సాఫ్ట్‌వేర్‌లో సూపర్ అక్యురసీ మోడల్‌తో బేస్‌కాలింగ్ (సంకేతాలను అక్షరాలుగా మార్చడం) చేయాలి. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో ఇది రోజులు తీసుకుంటుంది. ఫాస్ట్ మోడల్‌తో సరిపెట్టుకుంటే ఒకే అక్షరం వరసగా వచ్చే చోట్ల బేస్‌లు రాలిపోతాయి. ఆపై పొడవు చూసి ఏరండి. 10 వేలకు, 7 వేలకు అటూ ఇటూ 500 లోపు ఉన్న రీడ్‌లే ఉంచండి. 14 వేలు, 17 వేలు, 20 వేలు కనిపిస్తే మురిసిపోకండి, లైగేషన్‌లో రెండు ముక్కలు అతుక్కున్నవి అవి. ఒక్కో ముక్కకు 300 నుంచి 500 రీడ్‌లు చాలు. లక్ష రీడ్‌లు గుమ్మరిస్తే అరుదైన తప్పులు కూడా విడి సీక్వెన్స్‌లా నిలబడి అసెంబ్లర్‌ని తికమక పెడతాయి. రెండు ముక్కలకూ విడివిడిగా కన్సెన్సస్ (రీడ్‌లన్నీ కలిపి తేల్చిన ఒకే సీక్వెన్స్) తీసి, మెడాకా సాఫ్ట్‌వేర్‌తో మెరుగుపరిచి, ప్రైమర్ కొసలు కత్తిరించి, ఆ తర్వాతే కలపాలి. కత్తిరించిన లూసిన్ చోట సాంగర్ ముక్క వేసి అతకాలి.

ఆర్10.4.1 పోర్ వచ్చాక కోడింగ్ జన్యువుల్లో తప్పులు బాగా తగ్గాయి, ఇది మనస్ఫూర్తిగా మెచ్చుకోవాల్సిన సంగతి. 13 ప్రొటీన్ జన్యువులు మధ్యలో ఆగకుండా అనువాదమైతే నమ్మొచ్చు. అనువాదానికి జెనెటిక్ కోడ్ పట్టిక 2 (వెన్నెముక జీవుల మైటోకాండ్రియాది) ఎంచుకోవాలి. మామూలు పట్టికతో చూస్తే టీజీఏ వచ్చిన ప్రతిచోటా స్టాప్ (ప్రొటీన్ ఆగే గుర్తు) కనిపించి సీక్వెన్స్ మొత్తం పాడైందని కంగారు పడతారు. కంట్రోల్ రీజియన్ (జన్యువులు లేని భాగం) మాత్రం ఇంకా తలనొప్పే. పొడవాటి సి వరసలు, ఒకదాని వెనక ఒకటి వచ్చే రిపీట్‌లు ఉన్నచోట పీసీఆర్ ఎంజైమ్ జారుతుంది, పోర్ కూడా లెక్క తప్పుతుంది. రీడ్‌లను ఒకదాని కింద ఒకటి పేర్చి కళ్లతో చూడండి. సగం రీడ్‌లలో 9, సగంలో 10 ఉంటే మెజారిటీ అంకె రాసేసి ఊరుకోకుండా రెండు దిక్కుల నుంచీ సాంగర్ చేయించండి.

జన్యువులు గుర్తించడానికి టోక్యో విశ్వవిద్యాలయం వాళ్ల మైటోఫిష్ సైట్‌లోని మైటోఅనోటేటర్ ఉచితం, చేపల కోసమే తయారైంది. సీక్వెన్స్‌ని ఫినైలలనిన్ టీఆర్ఎన్ఏ దగ్గర మొదలయ్యేలా తిప్పి ఇవ్వండి. వచ్చిన ఫలితంలో 37 జన్యువులు ఉన్నాయో లేదో లెక్కపెట్టి, మూడు చోట్లు చేత్తో చూడండి: సీఓఎక్స్1 చాలా చేపల్లో జీటీజీతో మొదలవుతుంది, దాన్ని ఏటీజీ దగ్గరకు జరపొద్దు. కొన్ని జన్యువులు టీ లేదా టీఏతోనే ఆగిపోతాయి, ఆర్ఎన్ఏ తోక కలిశాకే స్టాప్ పూర్తవుతుంది, కాబట్టి బలవంతంగా పక్క టీఆర్ఎన్ఏలోకి సాగదీయకూడదు. ఏటీపీ8, ఏటీపీ6 ఒకదాని మీద ఒకటి సుమారు పది బేస్‌లు ఉండడం సహజం. ఇదే పద్ధతిని చిలక చేపలకు, ముఖ్యంగా బంప్‌హెడ్ ప్యారట్ ఫిష్‌కి వాడేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఆ కుటుంబంలో ఐసోలూసిన్, గ్లూటమిన్, మెథియోనిన్ టీఆర్ఎన్ఏల వరస మామూలు చేపల్లోలా ఉండదు, మెథియోనిన్‌కి చెడిన నకలు ఒకటి కూడా మిగిలి ఉంటుంది. అది అసెంబ్లీ తప్పు కాదు, సరిదిద్దబోయి పాడుచేయకండి.

చేపలు ఇరవై దాటితే, పర్మిట్ల చిక్కు లేకపోతే ఫ్లాంగుల్ వద్దు. ఇల్యూమినాలో (పొట్టి రీడ్‌లు ఇచ్చే యంత్రాలు) ఒక్కో చేపకు 300 కోట్ల బేస్‌లు బయట చేయించండి. మైటోకాండ్రియా వాటా వెయ్యికి ఒకటే ఉన్నా 180 రెట్ల దాకా డెప్త్ వస్తుంది. గెట్ఆర్గనెల్ సాఫ్ట్‌వేర్‌తో వలయం కట్టుకోవచ్చు, పీసీఆర్ అవసరమే లేదు, లూసిన్ లొసుగూ ఉండదు. మిగిలిన న్యూక్లియర్ డేటా ఇంకో పనికి వస్తుంది. కంట్రోల్ రీజియన్‌లో పొడవాటి రిపీట్‌లు ఉంటే మాత్రం 150 బేస్‌ల రీడ్‌లు వాటిని దాటలేవు, అప్పుడు మళ్లీ నానోపోరే గతి.

అయిదుకి మూడున్నర ఇస్తాం. ఆ ఒకటిన్నర పోయింది రెండు కారణాలకు. ఒకటి, సెల్‌కీ సెల్‌కీ పోర్ల సంఖ్య నిలకడగా ఉండకపోవడం. రెండోది ఆయుష్షు: ఫ్రిజ్‌లో నాలుగు వారాలే. విదేశం నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్‌లో గడిచే ప్రతి రోజూ ఆ నాలుగు వారాల్లోంచే తగ్గుతుంది, చల్లదనం పోతే ఇంకా వేగంగా. కాబట్టి రెండు పీసీఆర్ బ్యాండ్‌లూ జెల్ మీద శుభ్రంగా వచ్చి, ఉత్పత్తి ఫ్రీజర్‌లో చేరాకే సెల్ ఆర్డర్ పెట్టండి. ఒక్కటి కాకుండా రెండు తెప్పించండి. సెలవులకు ముందు వారం మాత్రం పెట్టొద్దు.